మాల వేయిస్తే మా అన్నయ్య తాగుడు మానేస్తాడా?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది, తర్వాత చదివేవాళ్ల కోసం నాకు అర్థమైనంత ముందు చెప్తాను. మీ అన్నయ్యకు 43 ఏళ్లు, తాపీ మేస్త్రీ, పల్నాడు వైపు ఊరు. ఏళ్ల తరబడి తాగుతున్నారు, ఇప్పుడు రోజుకి హాఫ్ దాకా వచ్చింది. పొద్దున లేవగానే నైంటీ పడితే తప్ప చేతులు నిలవడం లేదు. ఈమధ్య ఒకసారి మీ వదిన మీద చెయ్యి చేసుకున్నారు. తొమ్మిదో తరగతి చదివే కొడుకుని పంపి బెల్టు షాపు నుంచి సీసా తెప్పించుకుంటున్నారు. మీరు హైదరాబాద్‌లో ఉండి ఆయన అప్పులు అప్పుడప్పుడు తీరుస్తున్నారు. ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు. అమ్మేమో ఈ కార్తీకంలో అయ్యప్ప మాల వేయిద్దామంటోంది. ఎవరో ఇచ్చిన పొడిని మజ్జిగలో తెలియకుండా కలుపుదామని మీ వదిన అనుకుంటున్నారు. విస్కీ మాన్పించి బీరుకి మార్చమని మావయ్య సలహా. ఇవేవీ కాకపోతే ఏదైనా సెంటర్లో చేర్పిద్దామని మీరు. ఆఖర్లో, అసలు షాపులే మూయిస్తే ఈ గొడవే ఉండదు కదా అని కూడా అడిగారు.

నేను డాక్టర్ని కాదు. మానసిక వైద్య విభాగంలో కౌన్సెలర్‌గా పనిచేశాను, అందులో ఎక్కువ కాలం తాగుడు మాన్పించే వార్డులోనే. మందుల మోతాదులు ఇక్కడ రాయను, అవి డాక్టరు మనిషిని చూసి రాయాల్సినవి. మిగతావి నాకు తెలిసినంత చెప్తాను.

మీరు రాసినదాంట్లో నన్ను భయపెట్టింది హాఫ్ బాటిల్ కాదు, పొద్దున పడే ఆ నైంటీ. రాత్రి తాగిన మందు దిగిపోయేసరికి ఒంట్లో వణుకు, చెమటలు, గుండె దడ మొదలై, మళ్లీ తాగితే తప్ప సర్దుకోవడం లేదంటే మెదడు మందుకి పూర్తిగా అలవాటుపడిపోయిందని అర్థం. అలాంటి మనిషి చేత ఒక్కసారిగా మాన్పించడం ప్రమాదం. మందు ఆపిన 6 నుంచి 8 గంటల్లో వణుకు, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొంతమందికి మతి తప్పుతుంది. ఎక్కడున్నారో, పగలో రాత్రో తెలియదు, లేనివి కనిపిస్తాయి, జ్వరం, బీపీ పెరుగుతాయి. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది.

మా వార్డుకి మీ అన్నయ్య లాంటి మేస్త్రీని ఒకాయన్ని తీసుకొచ్చారు. ఇంట్లోవాళ్లు గదిలో పెట్టి గొళ్లెం వేశారు, మూడో రోజుకి పరిస్థితి చెయ్యి దాటింది. మంచం మీద కూర్చుని కుడిచేత్తో తాపీ పట్టుకున్నట్టు గాల్లోంచి సిమెంటు తీసి దుప్పటి మీద పరుస్తున్నాడు. ఎడంచేత్తో ఇటుక పెట్టి, దాన్ని తట్టి, ఒక కన్ను మూసి వరస చూసుకుంటున్నాడు. నర్సుని చూసి "రసమట్టం ఇటివ్వు" అని కసిరాడు. దెయ్యం పట్టిందనుకుని ముందు రోజు ఊళ్లో నిమ్మకాయలు దిగదీయించారట. ఇలా తాము రోజూ చేసే పనే ఆ మతిలేని స్థితిలో చేస్తూ ఉండడం ఈ జబ్బులో మామూలే. డ్రైవరైతే స్టీరింగ్ తిప్పుతాడు, దర్జీ అయితే సూదిలో దారం ఎక్కిస్తాడు. ఇది చూసి నవ్వుకునేవాళ్లు, భూతవైద్యుడి దగ్గరికి పరిగెత్తేవాళ్లు ఇద్దరూ విలువైన గంటల్ని పోగొట్టుకుంటారు. ఆయన బతికాడు, కానీ ఐసీయూ దాకా వెళ్లాడు.

అందుకే మాల గురించి నా జవాబు: వేయించండి, కానీ ఇప్పుడే కాదు. ముందు ఆసుపత్రి, తర్వాత మాల. ఏటా దీక్షల సీజన్ మొదలయ్యాక రెండో రోజో మూడో రోజో మెడలో మాలతోనే ఫిట్స్ వచ్చి క్యాజువాలిటీకి వచ్చే స్వాముల్ని చూస్తుంటాం. భక్తిలో లోపం ఉండి కాదు. పొద్దున్నే తాగే అలవాటున్న మనిషి ఆ తెల్లవారుజాము నుంచి చుక్క ముట్టకుండా, చన్నీళ్లు పోసుకుని, ఒంటిపూట భోజనంతో ఉంటే శరీరం తట్టుకోలేదు. సాయంత్రం మాత్రమే తాగేవాళ్లు, వారానికి రెండుసార్లు తాగేవాళ్లు చాలామంది 41 రోజులు ఇబ్బంది లేకుండా గడిపేస్తారు. వాళ్లని చూసి మీ అన్నయ్య కూడా గడిపేస్తారనుకోవద్దు.

ఇంకో సంగతి. చదువుకున్నవాళ్లు కొందరు మాలని తేలిగ్గా తీసిపారేస్తారు, "నలభై రోజులు ఆగి నలభై ఒకటో రోజు డబుల్ తాగుతారు" అని. నేను అలా అనను. ఆ దీక్ష చేసే పనిని మా వార్డుల్లో మేం లక్ష తంటాలు పడినా చెయ్యలేం. నిన్నటిదాకా "ఒరే తాగుబోతూ" అన్న ఊరే ఇవాళ "స్వామీ" అని పిలుస్తుంది. పాత జట్టు వచ్చి రమ్మనడానికి సాహసించదు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా, అంటే తాగుడు మానినవాళ్లకు యమగండంలాంటి ఆ మూడు గంటలు, భజనలోనో పడిపూజలోనో గడిచిపోతాయి. ఎవరైనా గ్లాసు చేతికిస్తే వద్దని చెప్పడానికి కారణం వెతుక్కోనక్కర్లేదు, మెడలో కనిపిస్తూనే ఉంటుంది. ఇన్ని కలిసొస్తాయి కాబట్టే ఆ 41 రోజులు గట్టెక్కుతాయి.

చిక్కంతా శబరిమల నుంచి తిరిగొచ్చి గురుస్వామి మాల తీసిన రోజు మొదలవుతుంది. మళ్లీ పాత చొక్కా, పాత జట్టు, ఖాళీ సాయంత్రాలు. ఆ రోజుకి ముందే ఏర్పాటు ఉండాలి. మాల వేసుకునేలోపే వార్డులో విత్‌డ్రాయల్, అంటే తాగుడు ఆపాక వచ్చే ఆ వణుకు, ఫిట్స్ దశ, దాటించుకుని, మందులు మొదలుపెట్టి, డాక్టరు సరేనన్నాక దీక్ష తీసుకుంటే ఆ 41 రోజులు బంగారం. గురుస్వామితో మీరే మాట్లాడండి, మాత్రలు వేసుకోవాలని, పూట భోజనం మానకూడదని చెప్పండి. మా అనుభవంలో ఏ గురుస్వామీ కాదనలేదు. మాల తీసిన వారంలోపే డాక్టరు దగ్గరికి వెళ్లేలా తేదీ ముందే తీసుకోండి. ఈ కార్తీకానికి కుదరకపోతే సంక్రాంతికి వెళ్లే స్వాములూ ఉంటారు. కంగారు లేదు.

పొడి సంగతి. దయచేసి వద్దు. "తెలియకుండా కలపండి, పదిహేను రోజుల్లో మందు వాసనకే వాంతి" అని అమ్మే పొట్లాల్లో ఏముందో రాసి ఉండదు. డైసల్ఫిరామ్ అనే మందు ఒకటి ఉంది, నిజమైన మందే, డాక్టర్లు వాడేదే. అది వేసుకున్న మనిషి మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె బాగాలేనివాళ్లకైతే అక్కడికక్కడే ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర ఆపేసినా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉంటుంది. పైగా లివర్‌ని కూడా చూసుకోవాలి. అందుకే మనిషికి చెప్పి, పరీక్షలు చేసి, ఒప్పుకున్నాకే ఇస్తారు. అదే మందు తెలిసి వేసుకుంటే బాగా పనిచేస్తుంది. పొద్దున భార్య చేతికిస్తే ఆమె ఎదురుగా మింగే ఏర్పాటు ఉన్న ఇళ్లలో ఫలితాలు చాలా బాగుంటాయి. రోజుకొక్కసారి నిర్ణయం తీసుకుంటే చాలు, మాత్ర పడిందంటే ఆ పూటకి ఇంక వాదన లేదు. తెలియకుండా ఇస్తే మాత్రం ఒకరోజు విషయం బయటపడుతుంది. ఆ తర్వాత ఆయన ఇంట్లో మంచినీళ్లు కూడా అనుమానంగానే తాగుతారు, డాక్టరిచ్చిన మాత్ర అసలే ముట్టుకోరు.

మావయ్యగారి బీరు లెక్క చూద్దాం. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో సుమారు 60 గ్రాముల అసలు ఆల్కహాల్ ఉంటుంది. స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా మీద 8 శాతం దాకా అని రాసి ఉంటుంది, ఆ లెక్కన ఒక్కో సీసాలో దగ్గర దగ్గర 40 గ్రాములు. అంటే రెండు స్ట్రాంగ్ బీర్లు ఒక క్వార్టర్ విస్కీ కంటే ఎక్కువ. మీ అన్నయ్య తాగే 375 మిల్లీలీటర్ల హాఫ్‌లో 125 గ్రాములకు పైనే, అంటే మూడు స్ట్రాంగ్ బీర్లతో సమానం. మావయ్య చెప్పినట్టు మారిస్తే ఖర్చు, పొట్ట పెరుగుతాయి, లివర్‌కి తేడా తెలియదు. "రెండు పెగ్గులైతే గుండెకి మంచిదే" అనే మాట కూడా ఈ పాటికి ఎవరో ఒకరు అనే ఉంటారు. ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగానే చెప్పింది. మీ అన్నయ్య స్థితిలో ఉన్నవాళ్లకైతే ఆ చర్చే అనవసరం. తగ్గించుకుని తాగే దశ దాటిపోయింది.

ఇది చదివే తెలంగాణ వాళ్లకి పక్కగా ఒక మాట. కల్లు కాంపౌండ్‌లో రోజూ తాగేవాళ్లని "కల్లే కదా" అని వదిలెయ్యకండి. క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం లాంటివి కలిపిన కల్తీ కల్లుకి అలవాటుపడిన మనిషికి అది ఒక్కరోజు దొరక్కపోయినా ఫిట్స్, పిచ్చి చూపులు, వింత ప్రవర్తన మొదలవుతాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన వారంలోనే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఎంతమంది వచ్చారో ఆ రోజుల్లో పేపర్లు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వాళ్లకీ ఆసుపత్రే దారి.

ఇక ఆసుపత్రికి ఎలా తీసుకెళ్లాలి. "రాడు" అని మీరు రాశారు. "తాగుడు మానడానికి పద" అంటే ఎవరూ రారు. మా ఓపీకి తాగుడు మానాలని వచ్చేవాళ్లకంటే అరికాళ్లు మంటలని, రాత్రి నిద్ర లేదని, తిన్నది ఇమడడం లేదని వచ్చేవాళ్లే ఎక్కువ. మీ అన్నయ్యకి కూడా ఏదో ఒక బాధ ఉండే ఉంటుంది. చేతులు వణికే మేస్త్రీకి గోడ మట్టం తప్పుతుంది, పరంజా మీద కాలు తడబడుతుంది, అది ఆయనకి మీకంటే బాగా తెలుసు. కాంట్రాక్టరు పెద్ద పనులకు పిలవడం మానేసి ఉంటాడు. ఆ బాధ పట్టుకుని మాట్లాడండి. రాత్రి తాగి ఉన్నప్పుడు కాదు, పొద్దున వణుకుతున్నప్పుడూ కాదు. మత్తులేకుండా కాస్త స్థిమితంగా ఉండే గంటో గంటన్నరో ఏ రోజులోనైనా ఉంటుంది, ఎప్పుడో మీ వదినకి తెలుస్తుంది. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని పంచాయితీ పెట్టకండి. ఆయన ఎవరి మాటకి విలువిస్తారో వాళ్లొక్కరే మాట్లాడాలి. మీరు చెప్పినదాన్ని బట్టి అది మీరే అనిపిస్తోంది. పిల్లల మీద ఒట్టు వేయించుకోవద్దు. ఒట్టు తప్పాక సిగ్గుతో మళ్లీ తాగుతారు, అంతే.

వెళ్లాల్సింది మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వాసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి. మీకు గుంటూరు దగ్గర. మానసిక వైద్యం అనగానే బెదరొద్దు, ఈ జబ్బు చూసేది వాళ్లే. వెళ్లేముందు 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం కట్టక్కర్లేదు. మద్యం, మత్తుమందుల కోసమే ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ 14446. ఆసుపత్రికి చేరేదాకా ఇంట్లో తాగుడు పూర్తిగా ఆపించవద్దు. ఇది వినడానికి విడ్డూరంగా ఉంటుందని తెలుసు, మీ అమ్మగారు ఒప్పుకోకపోవచ్చు, కానీ కారణం పైన చెప్పాను. ఈలోపు ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, రక్తం కక్కుకున్నా, విరేచనం తారులా నల్లగా అయినా, కళ్లు పచ్చబడి మగతగా ఉన్నా ఓపీ కోసం ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. కామెర్లకి పసరు మాత్రం వేయించకండి. తాగుడుతో వచ్చిన కామెర్లు లివర్ చెడిపోయిందనడానికి గుర్తు, దానిమీద పసరు పడితే మరింత చెడుతుంది.

వార్డులో ఏం జరుగుతుందో తెలిస్తే భయం తగ్గుతుంది. మొదటి వారం పది రోజులు వణుకు, ఫిట్స్ రాకుండా మాత్రలు ఇచ్చి రోజురోజుకీ తగ్గించుకుంటూ వస్తారు. ఆ మాత్రలు బయట కొని మీరే వేస్తే ప్రమాదం, మద్యంతో కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు. థయమిన్, అంటే బీ1 విటమిన్, ఇంజెక్షన్లు ఇస్తారు. దీని గురించి కొంచెం చెప్పాలి. రోజూ తాగేవాళ్లు సరిగ్గా తినరు, తిన్నా ఒంటికి పట్టదు, ఈ విటమిన్ అడుగంటిపోతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే "నీరసంగా ఉన్నాడు" అని ముందు గ్లూకోజ్ సీసా తగిలిస్తాడు. థయమిన్ లేని ఒంట్లోకి గ్లూకోజ్ ఎక్కితే ఉన్న కాస్త విటమిన్ కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినొచ్చు. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, అయోమయం వస్తాయి. ఆ తర్వాత కొంతమందికి జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోతుంది. పొద్దున తిన్నది గుర్తుండదు, అడిగితే ఏదో అల్లి చెప్తారు. అలాంటివాళ్లని వార్డులో చూశాను, మనిషి ఎదురుగా కూర్చునే ఉంటాడు, కూతురి పెళ్లయిన సంగతి మాత్రం రోజూ కొత్తగా చెప్పాలి. ఎవరు సెలైన్ పెడతామన్నా ముందు "బీ1 ఇచ్చారా" అని అడగండి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకున్నా చాలు.

పది రోజులు గడిచి మనిషి తేటగా ఇంటికొచ్చాక చాలా కుటుంబాలు పని అయిపోయిందనుకుంటాయి. అసలు పని అప్పుడు మొదలవుతుంది. తాగాలనే తహతహ తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి, లివర్ బాగా చెడినవాళ్లకు బాక్లోఫెన్ ఇస్తుంటారు. ఏది పడుతుందో డాక్టరు చూస్తారు. ఇవి నెలల తరబడి వాడాలి. మనవాళ్లు ఒక నెల వాడి "బాగానే ఉన్నాడు కదా" అని ఆపేస్తారు.

మేస్త్రీ పనిలో ఉన్న గండాలు వేరు. శనివారం బట్వాడా అందిన సాయంత్రం, స్లాబ్ వేసిన రోజు. స్లాబ్ పడితే ఇంటి ఓనరు బిర్యానీతోపాటు మందు కూడా ఇప్పించడం రివాజు. ఇవ్వకపోతే పిసినారి అంటారు, తీసుకోకపోతే మేస్త్రీ గొప్పలకి పోతున్నాడంటారు. మొదటి ఆరు నెలలూ స్లాబ్ పనులకు వెళ్లకుండా ప్లాస్టరింగో టైల్సో చూసుకోమనండి, లేదా కాంక్రీట్ పడగానే వెళ్లిపోయేలా ముందే కాంట్రాక్టరుతో చెప్పించండి. బట్వాడా డబ్బు మీ వదిన ఫోన్‌కి కొట్టించుకునే ఏర్పాటు ఆయనే ఒప్పుకుని చేసుకుంటే పనిచేస్తుంది, లాక్కుంటే పనిచెయ్యదు. గుంటూరు, విజయవాడ లాంటి చోట్ల ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు తెలుగులోనే జరుగుతాయి, ఫీజు లేదు. అక్కడికి వెళ్తే తాగి మానేసిన మరో మేస్త్రీ, మరో డ్రైవరు కనిపిస్తారు. మేం పది గంటలు చెప్పినదానికంటే ఆ మనిషి టీ తాగుతూ చెప్పే మాట ఎక్కువ ఎక్కుతుంది.

మళ్లీ తాగవచ్చు. చాలామంది ఒకటి రెండుసార్లు తాగుతారు. ఆ రోజు "ఇంతే వీడు" అని వదిలెయ్యకుండా రెండు రోజుల్లోపు డాక్టరుకి చూపిస్తే జారినచోటే ఆగుతారు. ఆరు నెలలు ఆగి తీసుకొస్తే మళ్లీ హాఫ్ దగ్గరే ఉంటారు.

సెంటర్ల గురించి. మంచివి ఉన్నాయి, జైళ్లలాంటివీ ఉన్నాయి. నలుగురు మనుషుల్ని పంపి ఇంట్లోంచి ఎత్తుకెళ్తామనేవాళ్ల దగ్గరికి పంపకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు వ్యసనానికీ వర్తిస్తుంది, గొలుసులతో కట్టెయ్యడం ఆ చట్టం ప్రకారం నిషేధం, ఇష్టం లేకుండా చేర్చుకోవాలన్నా దానికో పద్ధతి, డాక్టర్ల నిర్ధారణ ఉండాలి. చేర్పించేముందు వెళ్లి చూడండి. మానసిక వైద్యుడు ఎన్ని రోజులకోసారి వస్తారు, రాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు, ఇంటికి ఫోన్ మాట్లాడనిస్తారా అని అడగండి. లోపలికి రానివ్వకపోతే అక్కడినుంచే వెనక్కి వచ్చెయ్యండి. మూడు నెలలకి అడ్వాన్స్ మొత్తం ముందే కట్టమంటే కూడా నేనైతే కట్టను.

ఇప్పుడు మీ గురించి, మీ వదిన గురించి. కొంచెం కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. మీరు తీరుస్తున్న అప్పుల్లో కొన్ని మందు అప్పులే. మీ వదిన కాంట్రాక్టరుకి ఫోన్ చేసి "జ్వరం" అని చెప్తున్నారని రాశారు. ప్రేమతోనే, ఇల్లు గడవాలనే. కానీ తాగుడు వల్ల వచ్చే నష్టం ఆయన దాకా చేరకుండా మీరిద్దరూ మధ్యలో నిలబడుతున్నారు. పిల్లల ఫీజు నేరుగా స్కూలుకి కట్టండి, బియ్యం, పప్పులు కొనివ్వండి, వైద్యానికి పెట్టండి. అప్పులాళ్లకి మాత్రం ఇంకమీదట ఆయన్నే అడగమనండి. కాంట్రాక్టరుకి అబద్ధం చెప్పొద్దు, నిజం కూడా చెప్పక్కర్లేదు, ఫోన్ ఆయనకే ఇవ్వండి.

చెయ్యి చేసుకున్న సంగతి వేరే లెక్కలో పెట్టండి. మందు మానాక అదే సర్దుకుంటుందని ఆగొద్దు. తాగినప్పుడు కొట్టే మనిషి కాంట్రాక్టరుని కొట్టడు, ఇంట్లో ఆడమనిషినే కొడతాడు, కాబట్టి మత్తు మీదికి నెట్టెయ్యడానికి లేదు. మళ్లీ అలాంటిది మొదలైతే రాత్రిపూట ఎవరింటికి వెళ్లాలో మీ వదిన, పిల్లలు ఇప్పుడే అనుకుని ఉండాలి. 181 మహిళల హెల్ప్‌లైన్, అత్యవసరమైతే 112. 2005 గృహహింస చట్టం కింద ఇంట్లోనే ఉంటూ రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఇవాళే తీయించెయ్యండి. తాగుడు, గొడవ, పురుగుమందు ఒకే ఇంట్లో ఉండడం ఎంత ప్రమాదమో గుంటూరు ఆసుపత్రిలో ఎవరినడిగినా చెప్తారు. ఆయన "చచ్చిపోతా" అంటే బెదిరింపని కొట్టిపారెయ్యకండి, డాక్టరుకి ఆ మాట చెప్పండి.

అబ్బాయిని సీసా కోసం పంపడం ఈరోజే ఆగాలి. దీని మీద మాత్రం ఇంట్లో అందరూ ఒక్క మాట మీద ఉండండి. వాడికి విషయం దాచకండి, "నాన్నకి జబ్బు, వైద్యం చేయిస్తున్నాం, నీ తప్పేం లేదు" అని చెప్పండి. పిల్లలు తమవల్లే నాన్న తాగుతున్నాడని లోపల్లోపల అనుకుంటారు. మార్కులు తగ్గితే తిట్టి, ఆ తర్వాత వెళ్లి తాగిన తండ్రిని చూసిన పిల్లాడు వేరేలా ఎలా అనుకుంటాడు?

షాపులు మూయిస్తే పోదా అన్నారు. మన రాష్ట్రం ఆ పని చేసి చూసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించారు, అది జిల్లాలు దాటింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో ఎత్తివేత. దొంగసారా, పక్క రాష్ట్రాల సరుకు, ఖజానాకి పడిన చిల్లు, కారణాలు అందరికీ తెలిసినవే. నేను దూబగుంట ఆడవాళ్ల పక్షమే. వాళ్లడిగింది సిద్ధాంతం కాదు, కూలి డబ్బు ఇంటికి రావాలన్నారు. కానీ ఒక్కరోజులో షాపు మూసేస్తే మీ అన్నయ్య లాంటివాళ్లకి ఏమవుతుందో 2020లో చూశాం. ఆ ఏడాది జూలై ఆఖర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో లాక్‌డౌన్‌తో షాపులు మూసి ఉంటే శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లు సరదాకి తాగలేదు. వణుకు ఆగక తాగారు.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసి 2019లో నివేదిక ఇచ్చిన సర్వే ప్రకారం దేశంలో సుమారు 5.7 కోట్ల మందికి తాగుడు సమస్యకి సాయం అవసరం. వ్యసనంలో ఉన్న 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకమైన చికిత్స అందుతోంది. ఏ ప్రభుత్వం వచ్చినా మద్యం ఆదాయం లెక్క బడ్జెట్‌లో ముందే వేసుకుంటుంది, ఆ ఆదాయంలోంచి వార్డుకి పది పడకలు పెంచమంటే మాత్రం ఫైలు కదలదు. ఇది నా చిరాకు, వదిలెయ్యండి.

మీరు ఊళ్లో చెయ్యగలిగింది ఒకటుంది, బెల్టు షాపు. లైసెన్సున్న షాపు పొద్దున పదింటికి గానీ తెరవరు. మీ అన్నయ్యకి తెల్లవారుజామున నైంటీ దొరుకుతోందంటే, తొమ్మిదో తరగతి పిల్లాడి చేతికి సీసా ఇస్తున్నారంటే అది బెల్టు షాపు పుణ్యమే. రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకి అమ్మకూడదు, బెల్టు షాపైతే అసలు ఉండనే కూడదు. మీ వదిన ఒక్కరే వెళ్తే మాట పడతారు. డ్వాక్రా సంఘం తరఫున రాసి, పదిమంది సంతకాలతో ఎక్సైజ్ స్టేషన్‌లో ఇచ్చి, ముట్టినట్టు కాపీ మీద సంతకం తీసుకోండి. అయితే ముందు మీ అన్నయ్యని వార్డులో చేర్పించండి, షాపు సంగతి ఆ తర్వాత. వరస మారిస్తే ఆయన ఒంటికే ప్రమాదం.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు ఏమున్నా పట్టుకెళ్లండి, ఇప్పటిదాకా వాడిన మాత్రల పేర్లు, ఆ పొడి పొట్లం కూడా. ఇప్పటికే కలిపి ఉంటే దాచకుండా డాక్టరుకి చెప్పండి. గతంలో ఎప్పుడైనా తాగుడు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయా, తలకి దెబ్బ తగిలిందా అని వాళ్లు అడుగుతారు, మీ వదినని అడిగి రాసి పెట్టుకోండి. లివర్ పరీక్ష, ప్లేట్‌లెట్లు, కడుపు స్కాన్ చేయిస్తారు. రిపోర్టులు వచ్చాక బిలిరుబిన్, ప్లేట్‌లెట్ల అంకెలు, ఏ మందులు రాశారో పేరు లేకుండా ఇక్కడ పెట్టండి, వాటిని బట్టి డాక్టర్ని ఏం అడగాలో చెప్తాను.